వైట్‌నర్ కింద నలభై ఒక్క జవాబులు

ఆ ఆదివారం మధ్యాహ్నం సిరిసిల్లలో మా అక్క ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు నలుగురు: మా అక్క, మా బావ, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను. ఉన్న వస్తువులు: అక్క ఒడిలో బీడీల చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ, బావ చేతిలో పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన పొడుగు నోటుబుక్కు ఒకటి, నా సంచిలో వైట్‌నర్ సీసా ఒకటి, నీలం పెన్నులు రెండు, ఇంగ్లిష్ మాటలు ఎక్కడెక్కడ పుట్టి ఎలా వచ్చాయో చెప్పే లావుపాటి నిఘంటువు ఒకటి. గదిలో లేనిది నన్ను ఆపే మనిషి. అక్క ఆపాలని చూసింది. కానీ ఆమె అన్నిటినీ ఆపాలనే చూస్తుంది కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు.

ముందు బావ సంగతి చెప్పాలి. పద్దెనిమిదేళ్లు సాంచాల మీద బట్ట నేశాడు. మా వైపు పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. మహారాష్ట్రలోని భివండి పోయి నేత పని చేసి వచ్చినవాళ్లు పనితో పాటు మోసుకొచ్చిన మాట అది. సాంచాలు నెలలో సగం రోజులు ఆగిపోవడం మొదలయ్యాక బావ కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో చేరాడు. రాతి బండకు బెల్టులు చుట్టి, క్రేన్ నడిపేవాడికి కనపడేలా నిలబడి, ఎత్తు, దించు, ఆపు అని చేతులతో చెప్పడం అక్కడ అతని పని. ఆ పని చేసేవాడిని రిగ్గర్ అంటారు. సాంచాల షెడ్డులో చప్పుడుకు పక్కవాడి మాట వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అందుకే బావకు క్వారీ పని రెండు రోజుల్లో పట్టుబడింది.

ఇప్పుడు దుబాయ్‌లో ఒక కంపెనీకి రిగ్గర్లు కావాలి. ట్రేడ్ టెస్ట్ కరీంనగర్‌లోనే. అందులో రెండు భాగాలు: చేతి పని, నోటి పని. చేతి పనికి భయం లేదు. నోటి పని ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇరవై ప్రశ్నలు, పదిహేను జవాబులు సరిగ్గా రావాలి. తప్పితే పదిహేను రోజుల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారు, అంతే. ఆ కంపెనీ నలభై నిండినవాళ్లను తీసుకోదు. బావకు నలభై నిండటానికి అప్పటికి తొమ్మిది వారాలు ఉన్నాయి. ఈ కంపెనీ తప్పితే ఇంకో కంపెనీ వచ్చేసరికి అతను ముసలివాళ్ల జాబితాలోకి పోతాడు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని ముసలివాడని చెప్పే కాగితం ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది.

మా జిల్లాల్లో గల్ఫ్‌కు పోయే ప్రతి పనికీ ఒక నోటుబుక్కు ఉంటుంది. మేస్త్రీకి ఒకటి, పైపులు బిగించేవాడికి ఒకటి, రిగ్గర్‌కు ఒకటి. టెస్టు ఇచ్చి వచ్చినవాడు తనను అడిగిన ప్రశ్నలు, చెల్లిన జవాబులు గుర్తున్నంత వరకు రాస్తాడు. తర్వాతివాడు వాటికి తనవి కలుపుతాడు. పాసైతే చివరి పేజీలో ఒక టిక్కు పెట్టి ఇంకొకరికి ఇస్తాడు. దాన్ని ఎవరూ అచ్చు వేయలేదు, ఎవరూ అమ్మలేదు. ప్రశ్న ఇంగ్లిష్, జవాబు ఇంగ్లిష్, లిపి తెలుగు. బావ చేతికొచ్చిన రిగ్గర్ నోటుబుక్కులో అరవై ప్రశ్నలున్నాయి. చివరి పేజీలో పంతొమ్మిది టిక్కులున్నాయి. ఇంజనీరింగ్ చదివినవాడిగా నేను మొదట చూడాల్సిన పేజీ అదే. నేను మొదటి పేజీ చూశాను.

వాట్ ఈజ్ రిగ్గర్? రిగ్గర్ ఈజ్ క్రేన్ ఐ సార్. అంటే రిగ్గర్ క్రేన్‌కు కన్ను.

వాట్ ఈజ్ బూమ్? బూమ్ ఈజ్ క్రేన్ నెక్ సార్.

వాట్ ఈజ్ లోడ్? లోడ్ ఈజ్ బిగ్ డేంజర్ సార్.

ఇఫ్ విండ్ కమింగ్ వాట్ యు డూ? లోడ్ డౌన్, సిట్ డౌన్ సార్.

వాట్ ఈజ్ సేఫ్టీ? సేఫ్టీ ఈజ్ మదర్ ఫాదర్ సార్.

నా రక్తం మరిగింది. నేను కరీంనగర్‌లో రాయి కోసే యంత్రాలకు డ్రాయింగులు గీసే చిన్న ఆఫీసులో పనిచేస్తాను. డ్రాయింగులో కొలత తప్పుంటే కొట్టేసి, సరైనది వేసి, మూలన రివిజన్ నంబరు పెట్టడం నా ఉద్యోగం. ఉద్యోగం లేనప్పుడు కూడా అదే చేస్తాను. పెళ్లి పత్రికలు దిద్దుతాను, హోటల్ బోర్డులు మనసులో దిద్దుతాను. దీనికి తోడు ఆ నిఘంటువు జబ్బొకటి. సెకండ్‌హ్యాండ్‌లో దొరికినప్పటి నుంచి నేను ఏ ఇంగ్లిష్ మాటనూ ఊరికే పోనివ్వను. బస్సు ఎక్కితే పక్కవాడికి చెబుతాను: బస్ అనే మాటకు సొంతంగా అర్థం లేదు, 'అందరి కోసం' అనే లాటిన్ మాటకు తోకగా ఉండే ముక్క అది, తల ఊడిపోయి తోక ఒక్కటే రోడ్డెక్కింది అని. ఇలా చెప్పిన తర్వాత పక్కసీటు ఖాళీ అయిన సందర్భాలు నాకు గుర్తున్నంత వరకు ఆరు.

వైట్‌నర్ మూత తీశాను. సాయంత్రానికి అరవైలో నలభై ఒక్క జవాబులు చెరిపేసి, ఆరిన తర్వాత వాటి మీద సరైనవి రాశాను. రిగ్గర్ అంటే బరువులను కట్టడంలో, ఎత్తించడంలో శిక్షణ పొందిన సమర్థుడైన వ్యక్తి, అని పద్నాలుగు ఇంగ్లిష్ మాటల్లో. సేఫ్టీకి ఇరవై రెండు మాటలు పట్టాయి. జాగా చాలక అంచుల్లోకి పోయాను.

అక్క బీడీ చుడుతూనే చూస్తోంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడానికి ఆమె వేళ్లకు ఆమె కళ్లతో పని లేదు. అందుకని కళ్లు ఎప్పుడూ ఖాళీగా ఉండి ఇతరుల మీద ఉంటాయి.

"తమ్మీ, గా బుక్కు పంతొమ్మిది మందిని దాటిచ్చింది. నువ్వెంతమందిని దాటిచ్చినవ్?"

 నేను ఆమె చాటలోని దారపు ఉండను చూపించి, క్లూ అనే ఇంగ్లిష్ మాటకు మొదటి అర్థం ఇదే, దారపు ఉండ అని చెప్పాను. దారి తెలియని చోట దారం విప్పుకుంటూ పోయి, అదే పట్టుకుని వెనక్కి రావడం నుంచి ఇప్పుడున్న అర్థం పుట్టిందని వివరించాను. అక్క ఆ దారం పుటుక్కున తెంపింది.

అవ్వకు వేరే అనుమానం. అల్లుడికి రిగ్గింగ్ నేర్పుతున్నానని విని, "ఎలక్షన్లు లేనే లేవు గద కొడుకా, గిప్పుడు రిగ్గింగెందుకు?" అని అడిగింది. రిగ్ అంటే ఓడకు తెరచాపలు, తాళ్లు అమర్చడమని, ఆ తాళ్ల పనే క్రేన్ కిందికి వచ్చిందని, ఓట్ల రిగ్గింగ్ వేరే దారిలో వచ్చి అదే వేషం వేసుకుందని చెప్పాను. అవ్వ అంతా విని, ఓట్లదే మంచి పని, ఎండ తగలదు అంది.

ఆ రెండు వారాలు రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి బస్సులో సిరిసిల్ల పోయి బావకు పాఠం చెప్పాను. సరైన జవాబులు అతని నోటికి ఎక్కలేదు. పద్నాలుగు మాటల్లో తొమ్మిదో మాట దగ్గర ఆగిపోయేవాడు. గుర్తుండటానికి ప్రతి మాట వెనకున్న కథ చెప్పాను. ఇది నా రెండో తప్పు. కథలు మాత్రం అతనికి ఒక్కసారి చెబితే చాలు, అతుక్కుపోయాయి.

క్రేన్ అంటే ముందు కొంగ. పొడుగు మెడ చూసి యంత్రానికి పక్షి పేరు పెట్టారు. బూమ్ డచ్చివాళ్ల భాషలో చెట్టు. స్లింగ్ అంటే బరువు ఎత్తే బెల్టే కాదు, జొన్నచేలో పిట్టల్ని కొట్టే ఒడిసెల కూడా. షాకిల్ అంటే ఇప్పుడు బెల్టును కొక్కానికి తగిలించే ఇనుప కడియం, ఒకప్పుడు ఖైదీ కాలికి వేసే సంకెల. టెస్ట్ అంటే మట్టి మూకుడు; అందులో వేసి కాల్చి బంగారం మంచిదో కాదో చూసేవారు. లోడ్ అంటే మొదట్లో బరువు కాదు, తోవ. ప్రయాణం. తోవలో మోసుకుపోయేది కాబట్టి తర్వాత బరువుకు ఆ పేరొచ్చింది.

బావ ఈ చివరిదాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు.  తర్వాత, "అంటె గీ ఇంగ్లిష్ మాటలన్ని మనలెక్కనే పని కోసం ఊరిడిసి పోయినయేనా బామ్మర్దీ?" అన్నాడు.

ఔనన్నాను. నాకు కళ్లు చెమర్చినంత పనైంది. ఎదురుగా మంచి విద్యార్థి ఉన్నాడని గురువు మురిసిపోతున్నప్పుడు విద్యార్థి పరీక్ష తప్పడం ఖాయమని ఏ నిఘంటువులోనూ రాయలేదు.

టెస్టు రోజు నేను ఆఫీసులో ఉన్నాను. బావ మధ్యాహ్నం రెండింటికి బయటపడ్డాడు. ఫోన్ చేయలేదు. సాయంత్రం నేను సిరిసిల్ల వెళ్లేసరికి గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. అక్క బీడీలు చుట్టడం లేదు. ఆమె చేతులు ఖాళీగా ఉండటం నేను పెళ్లిలో చూశాను, మళ్లీ అప్పుడే చూశాను.

జరిగింది బావ చెప్పాడు. చేతి పనికి పూర్తి మార్కులు. సెంటర్ ఆవరణలో చిన్న క్రేన్ పెట్టి సిమెంటు దిమ్మెను ఎత్తించమన్నారు, నీళ్ల కుండ దించినట్టు దించాడు. నోటి పని దగ్గర ఒక పెద్దమనిషి బల్ల వెనక కూర్చున్నాడు. ఆయన రిగ్గర్ కాదు. ఏ పనివాడు వచ్చినా ఆయనే. పొద్దున మేస్త్రీలను అడిగాడు, తర్వాత వెల్డర్లను, తర్వాత వీళ్లను. ఆయన ముందు ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం ఉంది. ప్రశ్న అందులో చూసి అడుగుతాడు, జవాబు విని అందులో చూసి టిక్కు పెడతాడు. బావ కంటే ముందు ఎనిమిది మంది పోయారు. ఎనిమిది మందీ రిగ్గర్ ఈజ్ క్రేన్ ఐ సార్ అన్నారు. ఎనిమిది టిక్కులు పడ్డాయి. బావ పద్నాలుగు మాటల జవాబు, మధ్యలో ఆగినా, పూర్తి చేశాడు. పెద్దమనిషి కాగితం చూశాడు, బావను చూశాడు, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెబితే కాగితంలో వేలుపెట్టి వెతికాడు. దొరకలేదు. అడ్డగీత పెట్టాడు.

"ఆయన తాన ఉన్నది మన బుక్కే బామ్మర్దీ. నేను తలకిందులుగ చదివిన. మదర్ ఫాదర్ సుత ఉన్నది."

ఇరవైకి ఏడు. నా వైట్‌నర్ తగలని ప్రశ్నలు ఆ ఏడే.

ఆ కాగితం ఎలా పుట్టిందో నాకు ఖచ్చితంగా తెలియదు. నా అంచనా ఇది: ఎప్పుడో ఒక గుమస్తాకు ఏ జవాబు సరైనదో తెలియక, వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది ఏం చెబుతున్నారో అది రాసుకుని ఉంటాడు. బయటికొచ్చినవాళ్లు ఏది చెల్లిందో అది నోటుబుక్కులో రాసి ఉంటారు. కాగితం చూసి నోటుబుక్కు, నోటుబుక్కు విని కాగితం. మధ్యలో క్రేన్‌తో ఎవరికీ సంబంధం లేదు. అంత చక్కగా తిరుగుతున్న చక్రంలో నేను ఒక్కడినే పుల్ల పెట్టాను.

ఆ సాయంత్రమే రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ఆరు అంశాలు, ప్రతి దానికి నంబరు. అక్క చదవకుండానే తీసుకుని చాటలో తంబాకు కింద పరిచింది. తర్వాత గొంతు పెంచకుండా అంది:

"ఖరాబ్ చేసింది నువ్వు. మంచిగ చేసేది సుత నువ్వే. పదిహేను దినాలున్నయ్."

ఆమె అరిస్తే నాకు అలవాటే. అరవకపోతే ఏం చేయాలో తెలియదు. నేను బ్లేడు తీసుకుని వైట్‌నర్ గీకడం మొదలుపెట్టాను. మంచి రకం కొన్నాను, గట్టిగా పట్టుకుంది. చాలాచోట్ల కాగితమే ఊడి వచ్చింది. నలభై ఒకటిలో ఆరు బయటపడ్డాయి. మిగిలినవి ముప్పై ఐదు. అక్క, బావ ఆ బుక్కు చేతికొచ్చిన రోజే నా చేతిలో పెట్టారు, పాత జవాబులు వాళ్లకు రావు. నేను చదివాను కానీ, తప్పులు గుర్తుపెట్టుకోవాలని ఎవరు చదువుతారు.

బుక్కు బావకు ఇచ్చింది చొప్పదండి అతను. పంతొమ్మిదో టిక్కు అతనిదే. ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, టెస్టు అయిన సాయంత్రమే అంతా మరిచిపోయానని, మా ఇంటామెను అడగమని చెప్పాడు. తర్వాతి ఆదివారం చొప్పదండి పోయాను. అతని భార్య వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది. నేను సంగతి చెప్పాను. మొత్తం చెప్పాల్సి వచ్చింది, వైట్‌నర్‌తో సహా.

"మంచిగున్న బుక్కును ఎందుకు దిద్దినవయ్యా?" అంది ఆమె.

సరైనది కాదు కాబట్టి అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంకో కంకి అందుకుంది. తర్వాత కంకి మీంచి కళ్లు ఎత్తకుండా చెప్పడం మొదలుపెట్టింది. భర్తను టెస్టుకు తయారు చేసింది ఆమే. రోజూ ఇదే వాకిట్లో ప్రశ్నలు అడిగేది. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. జవాబులు మాత్రం నాట్లేసేటప్పుడు పాట వచ్చినట్టు, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మధ్యలో ఆపి ఏదైనా అడిగితే పోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. అందుకని నేను నోరు మూసుకుని రాసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు ఎంత కష్టమో ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఆమె ఒలిచే గింజల సాక్షిగా చెబుతున్నాను, మక్క అనే మాట ఎక్కడిదో కూడా చెప్పలేదు.

"సార్ అనుడు మర్వద్దు," అంది చివర్లో. "మా ఇంటాయన మొదటిసారి సార్ అనకనే ఫేలయిండు."

ఆమె దగ్గర దొరికినవి పద్నాలుగు. మిగిలినవి ఇరవై ఒకటి. అవి భైంసాలో దొరుకుతాయని ఆమే చెప్పింది. వాళ్లకు బుక్కు ఇచ్చినాయన అక్కడ ఉంటాడు, దుబాయ్ నుంచి వచ్చేశాడు, ఇచ్చే ముందు తన కోసం ఒకటి ఎత్తి రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడని అడిగితే, "గా మనిషి గసువంటోడు. చెప్పు తెగినా తీగె పెట్టి దాసుకుంటడు," అంది.

ఆఫీసుకు సెలవు పెట్టి, నిర్మల్‌లో బస్సు మారి భైంసా పోయాను. నిర్మల్ దాటాక కిటికీ బయట టేకు చెట్లు. టీక్ అనే ఇంగ్లిష్ మాట మలయాళం తీరం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడ ఎక్కి పోయింది. పక్కన కూర్చున్నతనికి చెబుదామనుకుని, ఆగాను. అతను భైంసా వరకు నా పక్కనే కూర్చున్నాడు.

భైంసా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో బేళ్లు లెక్కపెట్టే పనిలో ఉన్నాడు. యాభైకి దగ్గర మనిషి, కనుబొమల మీద పత్తి నూగు. బుక్కు ఇంట్లో ఉందని, మధ్యాహ్నం తిండికి పోయినప్పుడు తెచ్చి ఇస్తానని చెప్పి, చెప్పినట్టే తెచ్చాడు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. అరవై ప్రశ్నలు, అరవై జవాబులు.  ఇస్తారా అంటే ఇవ్వనన్నాడు. ఫోటో తీసుకుంటానంటే, ఫోటో తీసినోడు చదవడు, చేత్తో రాసినోనికే ఎక్కుతది అన్నాడు. బేళ్ల పక్కన కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడ్డాడు.

పదకొండో జవాబు దగ్గర నా చేయి దానంతట అదే ఒక 'ఈజ్'ను 'ఆర్' చేసింది. ఆయన తలకిందులుగా చూస్తూ కూడా పట్టుకున్నాడు.

"సుధారించకు. ఎట్లున్నదో గట్లనే దింపు."

అది తప్పండీ అన్నాను.

"తప్పో రైటో నీకెందుకు? అందరు ఒక్క తీరుగ అంటె గదే రైటు."

అప్పుడు నాకు ఆగలేదు. బస్సులో మింగినది కూడా కలిసి బయటికి వచ్చింది. సిలబస్ అనే మాట ఉంది చూశారా, అన్నాను, అలాంటి మాట అసలు లేదు. పూర్వం ఒక లాటిన్ పుస్తకంలో అచ్చు తప్పు పడింది. చదివినవాళ్లు అదే నిజమైన మాటనుకుని వాడారు, ఇప్పుడు ప్రతి బడికీ ఒక సిలబస్ ఉంది. ట్వీడ్ అనే బట్ట పేరు కూడా ఒక వ్యాపారి చీటీ తప్పుగా చదవడం వల్ల వచ్చిందంటారు. పందికొక్కును ఇంగ్లిష్‌వాళ్లు మన దగ్గర్నుంచే తీసుకుని బ్యాండికూట్ చేశారు, ఆస్ట్రేలియా పోయి అక్కడ వేరే జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. తప్పులు తప్పులే కదా, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు...

ఆయన చెవిలో పత్తి నూగు వేలితో తీసుకుంటూ ఓపికగా విన్నాడు.

"మరి తప్పని చెప్పి బడులల్ల సిలబస్ బంద్ పెట్టిండ్రా?"

లేదన్నాను.

"మరి రాయి."

రాశాను. ఇరవై ఒక్క జవాబులు, ఉన్నది ఉన్నట్టు. ఆయన అన్నీ సరిచూసి, నేను దిద్దిన 'ఆర్'ను నా చేతే మళ్లీ 'ఈజ్' చేయించి, పొమ్మన్నాడు. నా మొత్తం చదువులో నా పని మీద అంత కచ్చితమైన తనిఖీ జరగలేదు.

ఇంక ఆరు రోజులున్నాయి. నేర్పడం కంటే నేర్పింది తీసేయడం కష్టమని ఆ ఆరు రోజుల్లో తెలిసింది. అక్క ప్రశ్నలు అడిగేది, నన్ను గడప అవతల కూర్చోబెట్టింది, నోరు తెరవకూడదని షరతు. బావ నా జవాబు చెప్పినప్పుడల్లా శిక్షగా ఒక బీడీల కట్ట కట్టాలి. కట్టకు ఇరవై ఐదు. మొదటి రోజు పన్నెండు కట్టలు కట్టాడు. రెండో రోజు తొమ్మిది. పద్నాలుగు మాటల జవాబులు తొందరగానే ఊడిపోయాయి, అవి ఎప్పుడూ సరిగ్గా అతుక్కోలేదు. ఊడనివి కథలు. వాట్ ఈజ్ బూమ్ అని అక్క అడిగితే క్రేన్ నెక్ అనే ముందు ఒక్క క్షణం అతని కళ్లు పైకి, చెట్టు వైపు పోయేవి. అక్కకు అది తెలుసు. "చెట్టు దిగు," అనేది.

నాలుగో రోజు బావ క్వారీ నుంచి వచ్చి, క్రేన్ నడిపే బిహారీ పిల్లగాడికి కొంగ సంగతి చెప్పానని, వాడు నవ్వి నవ్వి కేబిన్‌లోంచి దిగాడని సంబరంగా చెప్పాడు.  అక్క నా వైపు చూసింది. ఆ రోజు కట్టలు నేను కట్టాను. నావి వదులుగా ఉన్నాయని బీడీ కంపెనీవాళ్లు తిప్పి పంపారు.

ఐదో రోజు రాంగ్ జవాబులు, అంటే రైట్ జవాబులు, అంటే నావి, మూడుకు తగ్గాయి. ఆరో రోజు కూడా మూడే. అక్క తిట్టలేదు. చాట పక్కన పెట్టి బావ ఎదురుగా కూర్చుంది.

"గా మూడు ఎందుకు పోతలెవ్వు? దుబాయ్ పోవుడు ఇష్టం లేదా నీకు?"

బావ తన అరచేతులు చూసుకున్నాడు. పోవాలనే ఉందన్నాడు. రోజూ తెల్లారితే ఇంటి ముందు సాంచాల షెడ్డు తాళం చూడలేకపోతున్నానన్నాడు. ఆ మూడు ఎందుకు పోవడం లేదో మాత్రం చెప్పలేదు. నేను గడప అవతల ఉన్నాను. షరతు గుర్తుంది.

రెండో టెస్టుకు నేను కూడా వెంట పోయాను. సెంటర్ ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. పొద్దున తొమ్మిదికి లోపలికి పోయాడు. నేను నాలుగు చాయ్‌లు తాగాను. గేటు దగ్గర కుర్రాళ్లు, ముసలివాళ్లు, అంటే ముప్పై తొమ్మిదేళ్లవాళ్లు, గొణుక్కుంటూ తిరుగుతున్నారు. మదర్ ఫాదర్ సార్, మదర్ ఫాదర్ సార్. గోదావరిఖని అతను ఒకడు నా దగ్గరికి వచ్చి, అన్నా చదువుకున్నట్టున్నవ్, గీ జవాబు రైటేనా అని పేజీ చూపించాడు. లోడ్ డౌన్, సిట్ డౌన్ సార్ అని ఉంది.

రైటే అన్నాను. అలాంటి మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

పన్నెండున్నరకు బావ బయటికొచ్చాడు. మొహంలో ఏమీ తెలియలేదు. సాంచాల షెడ్డు మనుషులు మొహంతో కాదు, చేతులతో చెబుతారు. రోడ్డు అవతలి నుంచే కుడి చేయి చాచి, బొటనవేలు పైకి పెట్టి, క్రేన్‌వాడికి బూమ్ లేపమని చెప్పినట్టు చూపించాడు. నేను రోడ్డు దాటుతూ లారీ కింద పడబోయాను.

చేతి పనికి మళ్లీ పూర్తి మార్కులు. నోటి పనికి ఆ పెద్దమనిషే, ఆ కాగితమే. మూడు మాత్రం పోయాయన్నాడు. క్రేన్, లోడ్, షాకిల్. క్రేన్ అంటే కొంగ అని, షాకిల్ అంటే కాలి సంకెల అని, లోడ్ అంటే తోవ అని, వచ్చిన ఇంగ్లిష్‌లో, చివర సార్ పెట్టి మరీ చెప్పాడట. పెద్దమనిషి మూడింటికీ కాగితంలో వెతికాడు, లోడ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు వెతికాడు.

"బుక్కులో ఉన్న జవాబే చెప్పకపోతివా బావా, అది వచ్చు కదా నీకు?"

"వచ్చు. గని గవి మూడు మంచిగున్నయ్ బామ్మర్దీ. ఒక్కసారన్న ఎవనికన్న చెప్పాలె గదా."

అక్క ఫోన్ చేసింది. ఎన్ని అని ఒక్క మాటే అడిగింది. పాస్‌కు పదిహేను కావాలి. పదిహేడు అని చెప్పాను.